తూర్పు కనుమల ముండా భాషలు: నోటి మాట నుంచి అక్షరం దాకా

ఉత్తరాంధ్ర మన్యం నుంచి ఒడిశాలోని గజపతి, కొరాపుట్ ప్రాంతాల దాకా సాగే తూర్పు కనుమల్లో, తెలుగుతో గాని ఒడియాతో గాని పుట్టుక సంబంధం లేని చిన్న భాషాసమూహం తరతరాలుగా నిలిచి ఉంది. తెలుగువారు సవర అనే సొర, పరెంగి అనే గొరుం, గదబల్లో కొందరు మాట్లాడే గుతొబ్, బొండోల రెమొ, దిదాయిల గ్తా ఇందులోనివి. ముండా శాఖలో దక్షిణ విభాగంగా చెప్పే ఈ భాషలు ఖ్మేర్, వియత్నామీ, ఖాసీ భాషలున్న ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబానికి చెందుతాయి.

ఆంధ్రులను, శబరులను ఐతరేయ బ్రాహ్మణం ఒకేచోట పేర్కొన్నా, ఆ ప్రాచీన శబరులందరూ నేటి సవరల పూర్వులేనని చెప్పడానికి ఆ ఒక్క ప్రస్తావన చాలదు. తెగ పేరును బట్టి భాషను నిర్ణయించడం ఎంత ప్రమాదమో గదబల విషయంలో స్పష్టమవుతుంది: వారిలో కొందరి గుతొబ్ ముండా భాష కాగా, మరికొందరి ఒల్లారి ద్రావిడ భాష. ముండా భాషలు ద్రావిడానికి భిన్నమని 1854లో మాక్స్ ముల్లర్ ప్రతిపాదించాకే ఈ విభజనకు శాస్త్రీయమైన పునాది పడింది.

సొర భాషను లోతుగా పరిశీలించిన తొలి పండితుడు పర్లాకిమిడి ఉపాధ్యాయుడు గిడుగు వెంకట రామమూర్తి. ఆయన సవరల నోటనే భాష నేర్చుకొని, వారి పిల్లలకు తెలుగు లిపిలో వాచకాలు సమకూర్చి, 1931లో వ్యాకరణాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. నామాన్ని క్రియలోనే ఇముడ్చుకొని వాక్యార్థాన్నంతా ఒక్క పదంలో చెప్పగలగడం, పన్నెండు దాటాక పదమూడును 'పన్నెండూ ఒకటి' అన్నట్టు లెక్కించి ఇరవై నుంచి ఇరవైల లెక్కకు మారడం ఈ భాష విశేషాలు. ఇంతటి కట్టడి గల భాషను లిపి లేదన్న కారణంతో మోటుదనడం అజ్ఞానమే. మాట్లాడే భాషను ప్రమాణంగా తీసుకొనే ఈ సాధన ఆయన తెలుగు వ్యావహారిక వాదానికీ బలం చేకూర్చింది.

1936లో మంగెయి గొమాంగొ సొరకు 'సొరాంగ్ సొంపెంగ్' అనే సొంత లిపిని రూపొందించగా, దాని అక్షరాలను దైవస్వరూపాలుగా భావించే ఆరాధన కూడా ఏర్పడింది. 2012లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అయినా తెలుగు, ఒడియా, రోమన్ లిపుల వాడుక కూడా కొనసాగుతున్నందున సొర రాత నేటికీ ఒక్కదారికి రాలేదు. వ్యాకరణం, నిఘంటువు, లిపి ఉన్నంత మాత్రాన భాష బతకదు; బడిలో పిల్లవాడికి మొదటి పాఠం తన ఇంటి మాటలోనే అందినప్పుడే ఆ కృషికి సార్థకత.