ఓటమికి ఇరవై రెండు దారులు

వాదన మధ్యలో "పనుంది, తర్వాత మాట్లాడదాం" అంటూ లేచిపోయినవాడు ఓడినట్టే. గౌతముడి పేరిట ఉన్న తర్కగ్రంథం 'న్యాయసూత్రాలు' దీన్ని విక్షేపం అంది. ఆ గ్రంథం చివరి అధ్యాయంలో ఇలాంటి నిగ్రహస్థానాలు, అంటే ఓటమి ఘట్టాలు, మొత్తం 22. మొదట అన్న మాట మార్చడం ఒకటి, అసలు విషయం వదిలి పక్కకు పోవడం ఇంకొకటి. అవతలివాడు మూడుసార్లు చెప్పి, సభకు అర్థమయ్యాక కూడా ఆ మాటను తిరిగి అప్పజెప్పలేకపోయినా ఓటమే. ఈ ఒక్క నియమం పెడితే చాలు, మన టీవీ చర్చల్లో కుర్చీలు సగం ఖాళీ!

సరిగ్గా ఆలోచించడం పుట్టుకతో వచ్చే తెలివి కాదనీ, కసరత్తు చేసి నేర్చుకోవలసిన విద్య అనీ ఈ సంప్రదాయం నమ్మింది. పండితులకే కాదు, వైద్యులకూ ఆ శిక్షణ ఉండేది. వైద్యుడు తోటి వైద్యుడితో చర్చించాలని చరకసంహిత విమానస్థానం చెబుతుంది. విషయం తెలిసిన సౌమ్యుడు ఎదురైతే జంకకుండా అడగాలి, అడిగింది చెప్పాలి, ఓడిపోతానని బెదరకూడదు, గెలిస్తే పొంగిపోకూడదు. అక్కడ పొరపాటుకు మూల్యం చెల్లించేది రోగి కదా.

పదిహేడో శతాబ్దంలో ఆంధ్రుడు అన్నంభట్టు ఈ తర్కశాస్త్రాన్ని పిల్లల కోసం 'తర్కసంగ్రహం'గా కుదించాడు. కొండ మీద పొగ కనబడింది కాబట్టి అక్కడ నిప్పుంది, వంటింట్లో చూశాం కదా అన్నది అందులోని ప్రసిద్ధ పాఠం. అసలు రుచి దాన్ని తిరగేసినప్పుడు తెలుస్తుంది. నిప్పుంటే పొగ ఉండి తీరుతుందా? ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగకు నిప్పొక్కటే చాలదు, తడి కట్టె కూడా కావాలి. ఎన్ని ఉదాహరణలు కలిసొచ్చినా ఎదురు ఉదాహరణ ఒక్కటి చాలు. కుర్రవాడికి మొదటి నుంచీ అలవాటయ్యేది ఆ వెతుకులాటే.

అయితే లోపాలూ లేకపోలేదు. మొలకకు ముళ్ళకంచెలా, సత్యాన్ని కాపాడుకోవడానికి గెలుపు కోసం చేసే వాదం కూడా పనికొస్తుందని న్యాయసూత్రకారుడు వెసులుబాటు ఇచ్చాడు. పంతాలకు పోయేవారికి అది బాగా అక్కరకొచ్చింది. అంతకన్నా పెద్ద లోపం, ఈ చదువు సంస్కృత పాఠశాలల గడప దాటకపోవడం. స్త్రీలకూ శ్రామిక కులాలకూ ఆ తలుపులు దాదాపు మూసే ఉన్నాయి.

తర్కసంగ్రహం చిన్న పుస్తకం, తెలుగు వివరణలూ ఉన్నాయి. హైస్కూలు పిల్లల చేతికి ఇప్పుడైనా ఇచ్చి చూడవచ్చు.