అమ్మవారికి మందు: మదరాసు నుంచి హైదరాబాదు దాకా

మా అమ్మ ముఖాన మశూచికపు మచ్చలుండేవి. ఆమెకు ఎనిమిదేండ్ల ప్రాయంలో ఉదయగిరి పక్క పల్లెలో ఆ జబ్బు వచ్చింది. ఆమె బ్రతికింది, వెంట పుట్టిన తమ్ముడు పోయాడు. మా ఇంట్లో ఎవ్వరూ దానిని జబ్బు అనేవారు కారు. "అమ్మవారు పోసింది" అనేవారు. వాకిట వేపమండలు కట్టేవారట. ఆ గదిలోకి మందు అనే మాటే పోరాదట, తల్లికి ఆగ్రహం వస్తుందని.

దర్గా ఉన్న ఊరివాణ్ణి కనుక నమ్మకాలను ఎగతాళి చేసే అలవాటు నాకు లేదు. అనుమసముద్రంపేటకు జబ్బులు నయం కావాలని ఎక్కడెక్కడి నుంచో మనుషులు రావడం బాల్యం నుంచీ చూస్తున్నాను. పైగా ఆనాడు అమ్మవారికి మందు వేయరాదన్న మాటలో ఒక చేదునిజం కూడా ఉన్నది. వేయడానికి మందు లేదు. టీకా ఉన్నది, అది రోగం రాకముందు పనికివచ్చేది. వచ్చిన తరువాత వైద్యుడైనా చేయగలిగింది వేపాకు విసురుకంటే మహా ఎక్కువేమీ కాదు.

తెలుగు పండితుడికి ఈ విషయాలెందుకని మిత్రులు అడుగవచ్చు. కారణం చివర చెబుతాను.

వైరస్ అనే లాటిన్ మాటకు విషమనే అర్థం. కొందరు దానిని విషాణువు అంటున్నారు. ఆ మాట నాకు నచ్చింది. సూక్ష్మజీవి వేరు, విషాణువు వేరు. సూక్ష్మజీవికి సొంత ఇల్లున్నది, వంటిల్లున్నది, చుట్టూ ప్రహరీ ఉన్నది. పెన్సిలిన్ చేసేది ఆ ప్రహరీని కట్టనీయకుండా చేయడమే. మన కణాలకు అటువంటి గోడ లేదు కనుక మనకు హాని లేదు. విషాణువుకు ఇల్లూ లేదు, వంటిల్లూ లేదు. మన కణంలో దూరి, మన పొయ్యిమీద, మన గిన్నెలలో, తన వంట చేసుకొంటుంది. దానిని చంపాలని పొయ్యి ఆర్పితే పస్తుండేది మనమే. విషాణువులకు మందు కనుక్కోవడంలో మొదటి చిక్కు ఇది. మందు తగలవలసిన చోటు చాలా చిన్నది, అదీ మనకు చెందనిదై ఉండాలి.

ఈ చిక్కును దాటే తొలి ప్రయత్నాలలో ఒకటి మనకు ఎంత దగ్గరలో జరిగిందో తెలిసి ఆశ్చర్యపోయాను. మదరాసులో! 1953 దాకా మన రాజధాని అదే. నెల్లూరువారికి ఆ తరువాత కూడా పెద్ద జబ్బు చేస్తే పోయే ఊరు అదే. లండనులోని వెల్కమ్ పరిశోధనశాలకు చెందిన బావర్, మరికొందరు వైద్యులతో కలిసి, మదరాసులో మశూచి రోగుల ఇళ్ళలో ఉన్నవారికి మెథిసజోన్ అనే మందును ఇచ్చి చూశాడు. ఫలితాలు 1963లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మందు పుచ్చుకొన్న 1101 మందిలో ముగ్గురికి మాత్రమే, అదీ తేలికగా, మశూచి సోకింది. పుచ్చుకోని 1126 మందిలో 78 మందికి సోకింది; వారిలో 12 మంది చనిపోయారు.

ఈ అంకెలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా మేనమామ పోయిన కొద్ది సంవత్సరాలకే, మా ఊళ్ళనుంచి ఒక రాత్రి ప్రయాణంలో, అమ్మవారికి మందు ఉన్నదన్నమాట!

ఇక్కడొక చిన్న ముచ్చట. ఆ మందు ఐసాటిన్ అనే పదార్థపు సంతతిలోది. ఐసాటిన్‌ను 1840 ప్రాంతంలో ఐరోపా రసాయనికులు మొదట తీసింది నీలిమందు నుంచి. ఒకప్పుడు మన నెల్లూరు, కడప సీమలలో విరివిగా పండించిన నీలిమందు! బట్టలకు వేసే రంగును మనవాళ్ళు "మందు" అని ఎందుకన్నారో నిఘంటువులు తిరగవేయాలి గానీ, ఆ పేరు ఇలా సార్థకమవుతుందని వారెవ్వరూ అనుకొని ఉండరు.

అయితే కథ అక్కడ సుఖాంతం కాలేదు. ఆ మందు పుచ్చుకొన్నవారికి వాంతులు, వికారం ఎక్కువ. పైగా తరువాత పాకిస్తాన్‌లో జరిపిన పరీక్షలలో మదరాసులో కనిపించినంత మేలు కనిపించలేదు. ఒకచోట అద్భుతంగా కనిపించినది మరొకచోట నిలవకపోవడం ఈ చరిత్రలో మాటిమాటికీ ఎదురవుతుంది. ఈలోగా టీకా తన పని తాను చేసుకుపోయింది. 1975 తరువాత మన దేశంలో మశూచి లేదు. 1980లో లోకంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. రోగమే పోయాక మందుతో పనేమున్నది?

ఆ మదరాసులోనే 1986లో మరొక విషాణువు బయటపడింది. సునీతి సాల్మన్, ఆమె శిష్యురాలు నిర్మల మన దేశంలో తొలిసారి హెచ్.ఐ.వి.ని గుర్తించారు. దాని మందు కథలోకి మన హైదరాబాదు వస్తుంది.

ఆ మందు పేరు జిడోవుడిన్. ఏజెడ్‌టీ అన్నా అదే. దీనిని 1964లో అమెరికాలో జెరోమ్ హార్విట్జ్ క్యాన్సరు కోసం తయారుచేశాడు. క్యాన్సరుకు పనిచేయలేదు. ఇరవై ఏండ్లు మూలన పడివున్నది. ఎయిడ్స్ వచ్చాక దుమ్ము దులిపి చూస్తే పనిచేసింది. 1987 మార్చిలో అమెరికా ప్రభుత్వం అనుమతించింది.

అది పనిచేసే తీరు వ్యాకరణం చదివినవాడికి ఇట్టే అర్థమవుతుంది. విషాణువు సారమంతా ఒక పొడవైన వాక్యం. నాలుగే అక్షరాలతో రాసినది. కణంలో దూరాక అది చేసేది ఆ వాక్యానికి నకళ్ళు రాయించడం. ఏజెడ్‌టీ ఆ నాలుగింటిలో ఒకదానిని అచ్చంగా పోలిన దొంగ అక్షరం. లేఖకుడు పోల్చుకోలేక దానిని తీసి వరుసలో పెడతాడు. కానీ తరువాతి అక్షరం వచ్చి అతుక్కోవలసిన చోట దానికి కొక్కెం లేదు. సంధి కుదరదు. వాక్యం అక్కడితో తెగిపోతుంది. మన కణాల లేఖకులు ఈ దొంగను చాలావరకు పోల్చగలరు. విషాణువు లేఖకుడు పోల్చలేడు. చాలావరకు అన్నాను, పూర్తిగా కాదు. అందుకే ఆ మందుకు రక్తహీనత వంటి కష్టాలున్నవి.

రెండవ చిక్కు కూడా లేఖకుడితోనే. తాళపత్ర ప్రతులను చూసినవారికి తెలుసు, ఒక్క పద్యానికి ఎన్ని పాఠాంతరాలుంటాయో. హెచ్.ఐ.వి. లేఖకుడు మహా తొందరపాటు మనిషి. రాసింది తిరిగి చూసుకోడు. కోట్ల నకళ్ళలో కోట్ల తప్పులు. వాటిలో ఏదో ఒక తప్పు వల్ల దొంగ అక్షరాన్ని తప్పించుకొనే నేర్పు వస్తుంది. ఆ నకలే మిగిలి వంశం పెంచుకొంటుంది. ఏజెడ్‌టీ ఒక్కటే వాడినవారికి కొంతకాలానికి మందు పనిచేయకుండా పోవడానికి కారణమిదే. 1996 ప్రాంతంలో మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలయ్యాక గానీ ఆట కట్టలేదు. మూడు తప్పులు ఒక్క నకలులో ఒకేసారి రావడం దుర్లభం కదా.

మూడవ చిక్కు విషాణువుది కాదు, మనుషులది. ఏజెడ్‌టీ అమెరికాలో మొదట సంవత్సరానికి ఎనిమిది నుంచి పదివేల డాలర్లు! మన దేశంలో 1970 నాటి పేటెంటు చట్టం మందుకు కాక తయారుచేసే పద్ధతికే హక్కునిచ్చేది. వేరొక దారిలో తయారు చేయగలిగితే అడ్డులేదు. ఆ దారి వేసినవారు గుంటూరులో పుట్టిన ఆచార్య ఎ.వి. రామారావు. ఆయన 1985 నుంచి 1995 దాకా హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనశాలకు సంచాలకులు. అదే తరువాత భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అయింది. ఆయన బృందం రూపొందించిన పద్ధతితో సిప్లా కంపెనీ 1990ల తొలినాళ్ళలో ఏజెడ్‌టీని ఇక్కడే తయారుచేసింది. 2001లో ఆ కంపెనీయే మూడు మందులు కలిపి రోజుకు ఒక డాలరు లోపు ఇస్తామని ప్రకటించినప్పుడు ప్రపంచం నివ్వెరపోయింది. 2004 ఏప్రిల్ నుంచి మన ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన అరవిందో, హెటిరో, మ్యాట్రిక్స్ కంపెనీల మందులు ఆఫ్రికాదాకా వెళ్ళాయి. వ్యాపారమే, కాదనను. బ్రతికినవారు మాత్రం బ్రతికారు.

ఇక చెబుతానన్న కారణం.

2021 మేలో కరోనా రెండవ అలలో మా తమ్ముణ్ణి నెల్లూరులో ఒక ఆస్పత్రిలో చేర్చాము. జ్వరం వచ్చి అప్పటికి తొమ్మిది రోజులు. ఒక చీటీ రాసిచ్చి, రెమ్‌డెసివిర్ ఆరు సీసాలు మీరే తెచ్చుకోండి అన్నారు. ముందటి ఏడు జూన్‌లో హెటిరో దానిని 5400 రూపాయల ధరకు విడుదల చేసింది. మాకు ఒక్కొక్క సీసా పాతికవేలకు దొరికింది, అదీ రెండు రోజులు తిరిగాక, ఒక సందు మొగలో. నాలుగు సీసాలు ఎక్కాయి. ఐదవది ఎక్కించే వేళకు తమ్ముడు లేడు.

మా మరదలు సంవత్సరీకం నాడు అడిగింది. "బావా, ఇంకో నాల్రోజులు ముందు తెచ్చుంటే మీ తమ్ముడు బతికేవాడేమో కదా?"

జవాబు తెలియక చదవడం మొదలుపెట్టాను. రెమ్‌డెసివిర్ కూడా దొంగ అక్షరమే. ఏజెడ్‌టీ లాగానే ఒక జబ్బుకు పుట్టి మరొక జబ్బుకు చేరింది. ఎబోలాకు పెట్టి చూస్తే ఇతర మందుల ముందు నిలవలేదు. కరోనా లేఖకుడు తొందరమనిషి కాడు, తప్పులు దిద్దుకొనే పరిష్కర్తను వెంట ఉంచుకొంటాడు. ఈ అక్షరం కొంచెం గడుసుది. తన తరువాత మరి మూడు అక్షరాలను చేరనిచ్చి అప్పుడు అడ్డం పడుతుంది.

కానీ దొంగ అక్షరం పనిచేసేది నకళ్ళు రాస్తున్నప్పుడే. కరోనాలో మొదటి వారంలో రాత ముమ్మరం. ఆ తరువాత ఊపిరితిత్తులను కాల్చేది ముఖ్యంగా మన దేహంలో రేగిన మంటే. దానికి ఈ మందు చేసేది స్వల్పం. ఆస్పత్రిలో చేరినవారిలో మరణాలను ఇది పెద్దగా తగ్గించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షలు 2020 అక్టోబరులోనే తెలిపాయి. 2022 నాటి తుది ఫలితాలలో శ్వాసయంత్రం దాకా పోనివారికి కొద్దిపాటి మేలు కనిపించింది. లక్షణాలు మొదలైన ఏడు రోజుల లోపల, ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి, మూడు రోజులు ఇస్తే ఆస్పత్రిలో చేరవలసిన అవసరం 87 శాతం తగ్గిందని మరొక పరీక్ష తేల్చింది. అది వైద్యపత్రికలో అచ్చయ్యేసరికి 2021 డిసెంబరు. తమ్ముడు పోయి ఏడు నెలలు.

మరదలికి ఇదంతా చెప్పాను, దొంగ అక్షరంతో సహా. నాలుగు రోజులు ముందయితే మేలు జరిగివుండవచ్చుననీ, ఆ సంగతి ఆనాటికి ఏ వైద్యుడికీ రూఢిగా తెలియదనీ చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మిగిలిన రెండు సీసాలు ఏంజేశావు బావా?" అని అడిగింది.

పక్క మంచం కుర్రవాడి తండ్రికి ఇచ్చివేశాను. డబ్బు తీసుకోలేదు. ఆ కుర్రవాడు జబ్బుపడి అప్పటికి ఎన్ని రోజులో నేను అడుగలేదు.