కుర్దిష్ ఫాంట్లలో మారువేషపు అక్షరాలు

ఇరాక్ కుర్దిస్తాన్‌లో బాగా వాడుకలో ఉన్న పాత అలీ ఫాంట్లలో ఒక వింత ఉంది. తెర మీద కుర్దుల 'పే' కనిపిస్తుంది, ఫైలు లోపల ఉండేది మాత్రం అరబ్బీ 'థా'. 'గాఫ్' వెనకా అలాగే అరబ్బీ 'తా' (ط) దాక్కుని ఉంటుంది. అరబిక్ కీబోర్డే దిక్కైన రోజుల్లో, కుర్దిష్ ఉచ్చారణకు అక్కర్లేని అరబ్బీ అక్షరాల చోట్లలో ఫాంటు చేసినవాళ్లు తమ అక్షరాలను కాపురం పెట్టించారు. అరబ్బీ లిపిలో రాసే కుర్దిష్ మాండలికం సొరానీలో 'ర'లు రెండు, 'ల'లు రెండు. వాటిని విడదీసేది చిన్న 'వి' ఆకారపు గుర్తు. 'ర' తర్వాత అరబ్బీ స్వరచిహ్నం కొడితే అదే ఆ గుర్తుగా కనిపించేలా చేశారు. ఈ తెలివిని మెచ్చుకోకుండా ఉండలేం. అయినా కుర్దిష్ ఫాంటులో అందం కన్నా ముందు చూడవలసింది, కనిపించే అక్షరమూ లోపలి కోడూ ఒకటేనా అన్నది.

అచ్చులో చక్కగా ఉంటే చాలదా అనవచ్చు. కాగితానికి చాలు. అదే ఫైలును వేరే ఫాంటులో తెరిస్తే 'పే' మళ్లీ 'థా' అయిపోతుంది, వెతికిన మాట దొరకదు. అను ఫాంట్ల నాటి తెలుగు ఫైళ్లతో కుస్తీ పట్టినవారికి ఈ బాధ తెలుసు. మార్పిడి సాధనాలున్న మాట నిజమే. కానీ కుర్దిష్ వ్యాసం మధ్యలో అరబ్బీ వాక్యం ఉండి, ఏది ఏ ఫాంటులో ఉందన్న జాడ చెరిగిపోతే, ఏది అసలు 'థా'యో సాధనం తేల్చలేదు. అలా మార్చకుండా వదిలేసిన రాతలు ఉండీ లేనట్టే. ఇది పెద్ద నష్టం. యూనికోడ్ 1990ల మొదట్లోనే ఈ అక్షరాలకు సొంత స్థానాలిచ్చింది కదా అంటే, ఇచ్చింది, కానీ పాత అలవాటు పోలేదు. సొరానీలో అడుగడుగునా వచ్చే ఒక అచ్చును అరబ్బీ 'హా' పక్కన కంటికి కనబడని విడదీత గుర్తు పెట్టి రాసేవారున్నారు. చూపుకు తేడా లేదు, కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు.

ఈ చిక్కు అరబ్బీ లిపిలో రాసే కుర్దిష్‌ది, కానీ కుర్దిష్‌కు మరో లిపీ ఉంది. 1898లో కైరోలో తొలి కుర్దిష్ పత్రిక 'కుర్దిస్తాన్' అరబ్బీ లిపిలో వచ్చింది. 1932లో డమాస్కస్‌లో జలాదత్ బదిర్ఖాన్ 'హవార్' పత్రికతో లాటిన్ అక్షరమాలను నిలబెట్టాడు. ఆ లిపిలో రాసే కుర్మాంజీ మాండలికానికి ఫాంట్ల కొరత లేదు. తుర్కీ భాష కోసం చేసిన ఐఎస్ఓ 8859-9 అక్షర సంకేతాల పట్టికలోనే దాని అక్షరాలన్నీ ఉన్నాయి, కుర్దిష్ పేర్లలో క్యూ, డబ్ల్యూ, ఎక్స్‌లను తుర్కీ ప్రభుత్వం ఒప్పుకోని కాలంలో కూడా. భాష సెట్టింగు తుర్కీలో ఉంటే మాత్రం పెద్ద 'ఐ' నెత్తిన కుర్దిష్‌కు పనికిరాని చుక్క చేరుతుంది. సొరానీకైతే అమీరీ, షెహ్రజాద్ న్యూ లాంటి ఫాంట్లు తీసుకుని, రెండు 'ర'లూ రెండు 'ల'లూ, 'వి' గుర్తు ఉన్న 'వావ్', 'యే' కలిపి కొట్టి చూడాలి. ఫాంటులో లేని అక్షరాన్ని కంప్యూటర్ మరో ఫాంటు నుంచి తెచ్చి అతికిస్తుంది. అక్కడ గీత మందం మారి, పదం మధ్యలో కలయిక తెగుతుంది.