పేరు దాచి కథ పంపిన సైంటిస్ట్

ఇవాళ జయంత్ విష్ణు నార్లికర్ గురించి మాట్లాడతాను. 1938లో కొల్హాపూర్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో ఫ్రెడ్ హాయిల్ శిష్యుడు, ఇద్దరూ కలిసి గురుత్వాకర్షణకి కొత్త సిద్ధాంతమే రాశారు. 1965లో పద్మభూషణ్ వచ్చేనాటికి వయసు 26! 1972లో ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చేశారు.

నాకు బాగా నచ్చింది మాత్రం 1974 సంగతి. మరాఠీ విజ్ఞాన పరిషత్ సైన్స్ కథల పోటీ పెట్టింది. ఈయన బ్లాక్ హోల్ మీద కథ రాశారు. సొంత పేరుతో పంపితే జడ్జీలు కథని కాదు, పేరుని చూస్తారు కదా? అందుకే ఇనిషియల్స్ తిరగేసి ‘నారాయణ్ వినాయక్ జగ్తాప్’ అని పంపారు. ఫస్ట్ ప్రైజ్ జగ్తాప్‌కే!

2008లో జ్యోతిషాన్నీ ఇలాగే పరీక్షించారు. బాగా చదివే పిల్లల జాతకాలు 100, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి 100 తీసుకుని, ఏది ఎవరిదో చెప్పకుండా జ్యోతిష్కులకి పంపారు. ఒక్కొక్కరికి 40. జవాబులు పంపినవాళ్లు 27 మంది. సగటున 46 శాతం కరెక్ట్. బొమ్మా బొరుసూ వేసినా సగం వస్తాయి!

అలాంటి మనిషి బిగ్ బ్యాంగ్‌ని మాత్రం ఒప్పుకోలేదు. 1965లోనే దానికి గట్టి ఆధారం దొరికినా, వేరే వివరణ కోసం దశాబ్దాలపాటు వెతికారు. అక్కడ మాత్రం నేను ఆయన వైపు లేను.