కాంట్రాక్టు కాగితం కథ



అత్తిబెలె దాటి హోసూరు వైపు వెళ్ళేటప్పుడు దుకాణాల బోర్డుల మీద లిపి మారడం మీరు చూసే ఉంటారు. అక్కడే కంటికి కనబడకుండా మారేది మరొకటి ఉంది. అది సర్కారు పనుల కాంట్రాక్టు కాగితం. సరిహద్దుకు ఇటు కల్వర్టు కట్టే కాంట్రాక్టరు ఒక షరతుల పుస్తకానికి లోబడి సంతకం చేస్తాడు. అటు కట్టేవాడు మరొక పుస్తకానికి లోబడతాడు. సిమెంటు అదే, కంకర అదే. కాని పని ఆలస్యమైతే ఆ నష్టం ఎవరు భరించాలి అన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఆ పుస్తకంలో ముందే రాసి ఉంటుంది. ఆ కాగితం చరిత్రను ఈనాడు కొంచెం చెప్పుకుందాం.

మన దేశంలో కేంద్ర ప్రజాపనుల శాఖ 1854లో, డల్హౌసీ కాలంలో ఏర్పడింది. 1872లో భారత కాంట్రాక్టు చట్టం వచ్చింది. రోడ్లు, కాలువలు, కచేరీ భవనాలు ఊరూరా లేస్తున్న రోజులవి. ప్రతి చిన్న పనికీ ఒడంబడికను కొత్తగా రాయించడం జరిగే పని కాదు. అందుచేత షరతులన్నీ ఒకేచోట అచ్చువేసి, పని వివరాలు, రేట్లు మాత్రం నింపుకొనే పద్ధతి స్థిరపడింది. దీనినే ప్రామాణిక కాంట్రాక్టు పత్రం అంటున్నాం.

మద్రాసు రాజధానిలో ఈ పద్ధతికి ఆధారగ్రంథం మద్రాస్ డిటైల్డ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్. ఇంజనీర్లు దానిని ఎం.డి.ఎస్.ఎస్. అని పిలిచేవారు. ఇటుక ఎలా ఉండాలి, సున్నం ఎలా కలపాలి, రాతికట్టు ఎలా సాగాలి అన్నవి అందులో ఉంటాయి. దాని ముందుభాగం ప్రిలిమినరీ స్పెసిఫికేషన్. కొలతలు, చెల్లింపులు, గడువు, తగాదాలు, వీటి షరతులన్నీ ఆ భాగంలోనివే. హోసూరు అప్పుడు సేలం జిల్లాలో ఉండేది కనుక అక్కడ మద్రాసు పద్ధతి నడిచింది. అత్తిబెలె ఉన్న ఆనేకల్ తాలూకా మైసూరు సంస్థానంలోది. మైసూరుకు ప్రజాపనుల శాఖ వేరు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు చీఫ్ ఇంజనీరుగా చేరినది ఆ శాఖలోనే.

1953లో ఆంధ్ర రాష్ట్రం విడివడినప్పుడు ఆస్తులు, అప్పులతోపాటు మద్రాసు షరతులు కూడా మన వెంట వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత ఆ గ్రంథమే ఎ.పి.డి.ఎస్.ఎస్. అయింది. చిత్తూరు, అనంతపురం జిల్లాల శ్రోతలారా, మీ కాలువలు, వంతెనలు ఎన్నో ఈ షరతుల కింద కట్టినవే.

అందులో 59వ క్లాజును గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. ఏ కారణం వల్ల ఆలస్యమైనా, ఏ ఆటంకం వచ్చినా, ఏ పక్షమూ నష్టపరిహారం కోరరాదు అన్నది దాని సారాంశం. చదవడానికి ఇరుపక్షాలకూ సమానంగానే కనిపిస్తుంది. కాని స్థలం అప్పగించేది శాఖ, నకషాలు ఇచ్చేది శాఖ. అవి ఆలస్యమైతే కాంట్రాక్టరుకు గడువు పెంచుతారు. ఈలోగా కూలి పెరిగింది, ఇనుము ధర పెరిగింది, యంత్రాలు ఊరికే నిలిచిపోయాయి. ఆ ఖర్చు ఎవరిది?

ఈ ప్రశ్న కోర్టులకెక్కింది. షరతు ఒప్పుకొని సంతకం చేసినవాడు తర్వాత పరిహారం అడగలేడని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పిన తీర్పు 1990 నాటి న్యాయ నివేదికలలో అచ్చయింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసుల్లో సుప్రీంకోర్టు 2001లోనూ, అంతకుముందూ ఆ మాటనే నిలబెట్టింది. అయితే 2002లో ఒక రైల్వే కేసులో సుప్రీంకోర్టు కొన్ని మినహాయింపులను వివరించింది. పని కొనసాగిస్తాను కాని అదనపు ఖర్చు ఇవ్వవలసి ఉంటుందని కాంట్రాక్టరు స్పష్టంగా తెలియజేయడం, అది తెలిసే శాఖ పని చేయించుకోవడం అటువంటి మినహాయింపులలో ఒకటి. 1872 నాటి చట్టంలో 55వ సెక్షను కూడా ఇలాంటి నోటీసునే కోరుతుంది. నోటితో మొరపెట్టుకొన్నది నిలవదు. వేళకు రాసిన ఉత్తరం నిలుస్తుంది.

ఇతర దేశాలలోనూ ఇదే సమస్య. 1913లో బెల్జియంలోని గెంట్ నగరంలో ఏర్పడిన ఫిడిక్ అనే ఇంజనీర్ల సమాఖ్య 1957లో అంతర్జాతీయ కాంట్రాక్టు షరతులు ప్రకటించింది. అట్ట ఎర్రగా ఉండడంతో దానికి రెడ్‌బుక్ అనే పేరు నిలిచింది. 1987లో నాలుగో కూర్పు వచ్చింది. ఆ షరతుల అంతరార్థం చెప్పడానికి 1989లో విడిగా ఒక మార్గదర్శిని అచ్చువేశారు. ఇంజనీర్లకే మార్గదర్శిని అవసరమైందంటే, మన మేస్త్రి సంగతి ఏం చెప్పాలి!

ఆ ఎర్రపుస్తకం ప్రభావం మన రోడ్డు దాకా వచ్చింది. అత్తిబెలె మీదుగా సాగే స్వర్ణ చతుర్భుజి పథకంలో చాలా కాంట్రాక్టులు ఫిడిక్ షరతుల ఆధారంగా తయారైనవి. ఆ తర్వాత బెంగుళూరు సిల్క్‌బోర్డు నుంచి అత్తిబెలె సరిహద్దు వరకు రోడ్డు బాగుచేసే పని వచ్చింది. దానిని సోమా, నాగార్జున, మేటాస్ అనే మూడు హైదరాబాదు కంపెనీల కూటమి చేపట్టింది. అందులో సుమారు 10 కిలోమీటర్ల ఎత్తురోడ్డు 2010 జనవరిలో తెరిచారు. అక్కడ కాగితం తీరే వేరు. కొలతల పుస్తకం చూసి సర్కారు బిల్లు చెల్లించే పద్ధతి కాదది. కంపెనీ తానే పెట్టుబడి పెట్టి కట్టి, ఒప్పందం ముగిసేవరకు టోలు వసూలు చేసుకొని, రోడ్డును తిరిగి అప్పగించాలి. బండ్లు తగ్గితే రాబడి తగ్గేదీ కంపెనీకే.

ఈలోగా తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో టెండర్ల పారదర్శకతకు చట్టాలు చేశాయి. టెండరు ఎలా పిలవాలి, ఎలా తెరవాలి అన్నది చట్టబద్ధమైంది. అంతమాత్రాన షరతులు చదవవలసిన బాధ్యత మనకు తప్పలేదు.

ఇదంతా పెద్ద కాంట్రాక్టర్ల గొడవ అనుకోకండి. ఇల్లు కట్టుకొనే మీకూ, లేబరు రేటుకు గోడ కట్టే మేస్త్రికీ ఇదే వర్తిస్తుంది. కొలత ఎవరు తీయాలి? ఏ పని ముగిస్తే ఎంత డబ్బు ఇవ్వాలి? చెప్పినదానికంటే ఎక్కువ పని పడితే రేటు ఏమిటి? ఆలస్యమైతే ఎవరిది భారం? తగాదా వస్తే ఎవరి మాట వినాలి? ఈ ఐదింటికీ జవాబు పునాది తవ్వకముందే ఒక కాగితం మీద రాసుకోండి. ఇద్దరికీ తెలిసిన భాషలో రాసుకోండి. చదువు రానివారికి చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకమో, వేలిముద్రో తీసుకోండి.