ఇల్లు మారింది, ఇంటిపేరు మారలేదు

మా అమ్మాయి పురిటికని లండన్ వెళ్ళి నాలుగు నెలలు ఉన్నాను. వాళ్ళుండేది బ్లాక్‌హీత్‌లో. సాయంత్రం అయ్యేసరికి మనవణ్ణి ప్రామ్‌లో వేసుకుని, ఊరికి ఆ పేరు తెచ్చిన పెద్ద మైదానానికి వెళ్ళేదాన్ని. గాలి విసిరికొడుతుంటుంది. పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటారు.

అప్పుడే అన్నయ్య ఫోన్ చేశాడు, తెనాలిలో అమ్మ ఇల్లు అమ్మేద్దామని. కూడబలుక్కున్నట్టు తమ్ముడూ అదే మాట. నేను ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఫోన్ పెట్టేసి రెండు వారాలు ఇద్దరితోనూ మాట్లాడలేదు.

నా ముఖం చూసి మాట మార్చడానికేమో, మా అల్లుడు "అత్తయ్యగారూ, మీరు రోజూ నడిచే గడ్డి మీదే ఒకప్పుడు రగ్బీ ఆడేవాళ్ళు" అన్నాడు. బాబు పడుకున్నాక కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

ఇక్కడి స్కూల్లో చదివి బయటికొచ్చిన కుర్రాళ్ళు 1858లో బ్లాక్‌హీత్ క్లబ్ పెట్టారు. సొంత స్థలం లేదు, ఊరందరి మైదానమే ఆటస్థలం. 1863లో ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టినప్పుడు వీళ్ళూ అందులో ఉన్నారు. కానీ బంతి చేత్తో పట్టుకుని పరుగెత్తకూడదు, ఎదుటివాడి మోకాలి కింద తన్నకూడదు అని మిగతావాళ్ళు రూలు పెట్టేసరికి అలిగి బయటికొచ్చేశారు. తన్నడం లేకపోతే అదేం ఆట అని వాళ్ళ వాదన! నాకు నవ్వొచ్చింది. తీరా 1871లో ఇదే క్లబ్, రిచ్‌మండ్ క్లబ్ పిలుపు మీద ఇరవై ఒక్క క్లబ్బులు కలిసి రగ్బీ యూనియన్ పెట్టుకుని, రాసుకున్న రూల్సులో ఆ తన్నులు నిషేధించాయి. అలిగిన మనిషి ఎనిమిదేళ్ళకి తనే దిగొచ్చాడన్నమాట.

1883లో క్లబ్ రెక్టరీ ఫీల్డ్ అనే మైదానానికి మారింది. ట్వికెన్‌హామ్ స్టేడియం రాకముందు ఇంగ్లండ్ జట్టు కొన్ని అంతర్జాతీయ మ్యాచ్‌లు అక్కడే ఆడింది. 1907లో స్కాట్లండ్‌తో కలకత్తా కప్ కోసం ఆడిందీ అక్కడే.

కలకత్తా పేరు చూసి ఆగిపోయాను. 1870లలో కలకత్తాలో ఉన్న తెల్లదొరలు ఒక రగ్బీ క్లబ్ పెట్టారు. ఉచితంగా మందు పోసే బార్ ఎత్తేశాక సభ్యులు పల్చబడ్డారట! మూసేసేటప్పుడు బ్యాంకులో మిగిలిన డబ్బుని వెండి రూపాయలుగా తీసుకున్నారు. పంచుకోలేదు. కరిగించి, నాగుపాముల పిడులతో, మూత మీద ఏనుగుతో ఒక కప్పు చేయించి 1878లో రగ్బీ యూనియన్‌కి ఇచ్చేశారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఈనాటికీ దానికోసం ఆడుతూనే ఉన్నాయి. ఆ క్లబ్ అప్పుడే మూతపడింది, కప్పు మాత్రం చేతులు మారుతూ బతికే ఉంది.

ఇక బ్లాక్‌హీత్ సంగతి. 133 ఏళ్ళున్న రెక్టరీ ఫీల్డ్‌ని వదిలి, 2016లో మొదటి జట్టు ఎల్తమ్‌లోని వెల్ హాల్‌కి వెళ్ళిపోయింది. బ్లాక్‌హీత్ క్లబ్ మొదటి జట్టు ఇప్పుడు ఆడేది బ్లాక్‌హీత్‌లో కాదు. పేరు మాత్రం అదే.

ఒకరోజు ప్రామ్ తోసుకుంటూ రెక్టరీ ఫీల్డ్ దాకా నడిచాను. ఆ గేటు ముందు ఎంతమంది తండ్రులు కొడుకుల వేళ్ళు పట్టుకుని నిలబడి ఉంటారో! చివరి మ్యాచ్ రోజు ఎవరికో ఒకరికి నాలాగే గొంతుకి అడ్డం పడే ఉంటుంది. అయినా ఆట ఆగలేదు కదా.

ఆ రాత్రి అన్నయ్యకి నేనే ఫోన్ చేశాను. "ఇల్లు అమ్మెయ్యండి అన్నయ్యా, సంతకం పెడతాను. కానీ అమ్మ వెండి కంచం మాత్రం పంచొద్దు, కరిగించొద్దు. ఏటా సంక్రాంతికి ఒకరింట్లో ఉండాలి. ఆ పండక్కి అందరం ఆ ఇంటికే వెళ్ళాలి" అన్నాను.

అటు నుంచి కాసేపు మాట లేదు. తర్వాత, "మొదటి ఏడు మీ ఇంట్లోనే ఉంచుకో అమ్మాయ్" అన్నాడు.