రెండు చెవులు, రెండు పెట్టెలు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. బందరు ఓడరేవు గురించి, కోట గురించి రాయగల పెద్దలు మనలో ఉన్నారు గనుక, నేను పాట వినే పద్ధతి ఎలా మారిందో మనవి చేస్తాను. మన ప్రాంతం వారికి పాట చిన్న విషయం కాదు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలోనే పుట్టారు. (బౌద్ధ స్తూపం ఉన్న ఘంటసాల గ్రామం వేరు. కొత్తవారు రెంటినీ కలిపేస్తుంటారు.)

మైకులు రాకముందు కూచిపూడి భాగవతుల ఆటలో పాటా, మద్దెలా, తాళమూ వేదికకు ఓ పక్కన ఉండేవి. గజ్జెలు మాత్రం ఆటగాడితో పాటు అటూ ఇటూ కదిలేవి. కళ్ళు మూసుకున్నా భామ ఎటు నడిచిందో తెలిసేది. తరువాత మైకు సెట్టు వచ్చింది. చెట్టుకు కట్టిన బాకాలోంచి సత్యభామ, మాధవి, మద్దెల అందరూ ఒకే చోటి నుంచి పలికారు. నాలుగు ఊళ్ళకు వినబడింది గానీ, దిక్కు పోయింది.

ఆ దిక్కు తెలియడానికి రెండు చెవులూ కావాలి. కుడి పక్కన మోగిన గజ్జె కుడి చెవికి ముందు చేరుతుంది. ఎడమ చెవికి సెకనులో వెయ్యోవంతు కూడా లేని ఆలస్యంతో, కాస్త తగ్గి చేరుతుంది. మెదడు ఆ తేడాను లెక్కగట్టి చోటు చెబుతుంది.

1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ ఆడే అనే ఇంజనీరు ఒపేరా వేదిక మీద టెలిఫోను మైకులు అమర్చి, శ్రోతకు రెండు చెవులకూ రెండు రిసీవర్లు ఇచ్చాడు. 1931లో ఇంగ్లండులో ఆలన్ బ్లమ్‌లైన్ స్టీరియోకు పేటెంటు కోరాడు. గ్రామఫోను ప్లేటు గాడికి రెండు గోడలుంటాయి కదా, ఒక గోడలో ఎడమ శబ్దం, రెండో గోడలో కుడి శబ్దం చెక్కవచ్చునన్నాడు. 1942లో రాడారు పరీక్షిస్తూ విమాన ప్రమాదంలో పోయాడు, ముప్ఫయ్యెనిమిదేళ్ళకే. స్టీరియో ప్లేట్లు 1958 ప్రాంతంలో గానీ బజారుకు రాలేదు.

మన ఇళ్ళలో అప్పటికి రేడియోయే గొప్ప. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ కేంద్రం మీడియం వేవ్ మీద వినిపించినది ఒకే దారి శబ్దం. ఘంటసాల గారి పాటలూ అలాంటివే. అయినా వాటిలో లోతు లేదనడం తప్పు. గాయకుణ్ణి మైకు దగ్గర, వాయిద్యాలను దూరాన నిలిపి ముందూ వెనకా తెలిసేలా చేసేవారు. అందులో లేనిది కుడి ఎడమలే. 1957 నాటి మాయాబజార్‌కు 2010లో రంగులద్ది, శబ్దాన్ని కూడా డి.టి.ఎస్. పద్ధతిలోకి మార్చారు. పిల్లలు సంతోషించారు. నాకైతే పాత శబ్దమే ఇష్టం.

తెలుగు సినిమాలో ఆరు ట్రాకుల స్టీరియో, 70 ఎం.ఎం.తో పాటు, 1986లో సింహాసనంతో వచ్చింది. ఆ రోజుల్లోనే గల్ఫ్ నుంచి తెచ్చిన టూ-ఇన్-వన్‌లు మన ఇళ్ళకు చేరాయి. స్టీరియో అని పెద్ద అక్షరాలు ఉండేవి, కానీ రెండు స్పీకర్లూ మూరెడు ఎడంలో ఒకే పెట్టెలో! పది అడుగుల దూరాన కూర్చుంటే రెండూ ఒకటే. అవనిగడ్డలో ఒకరి ఇంట్లో ఒక స్పీకరు సావిట్లో, రెండోది వంటింట్లో పెట్టడం చూశాను. సావిట్లో వారికి వయొలిన్, వంటింట్లో వారికి మృదంగం!

స్పీకర్లు రెండూ, మనమూ కలిసి సమభుజ త్రిభుజం కావాలి. అవి గోడకు ఆనకుండా, చెవి ఎత్తులో ఉండాలి. గచ్చు నేల, ఉత్త గోడలు ఉంటే శబ్దం తిరగగొట్టి చోటు చెరిపేస్తుంది. దుప్పటి, తివాచీ, పుస్తకాల బీరువా మేలు చేస్తాయి. అప్పుడు పాట రెండు పెట్టెల నడుమ, ఏ పెట్టే లేని చోట నిలబడుతుంది.

ఇది షోకు కోసం చెప్పడం లేదు. మనలో చాలామంది బాధ, పాట వినబడుతోంది గానీ మాట తెలియడం లేదని. గొంతు మధ్యన, వాయిద్యాలు పక్కలకు విడిపోతే మాట తేలుతుంది. 1953లో కోలిన్ చెర్రీ ప్రయోగం కూడా అదే చూపింది: ఒకే గొంతు చదివిన రెండు విషయాలను కలిపి వినిపిస్తే విడదీయడం చాలా కష్టమైంది, చెరో చెవికీ పంపితే సులువైంది.

ఒక చెవి మందగించిన వారి సంగతి వేరు. స్టీరియోను చెవి గొట్టాలతో వింటే ఆ పక్క పెట్టిన వాయిద్యమో, గొంతో పోతుంది. అలాంటి వారు ఫోనులోని సెట్టింగులలో మోనో ఆడియో పెట్టించుకుంటే రెండు వైపుల శబ్దమూ మంచి చెవికి చేరుతుంది. మనవడికి చెబితే నిమిషంలో పెడతాడు.